అమ్ముడుపోని కారు

పోలియో సోకిన ఎడమ కాలితో క్లచ్ తొక్కలేని సుగుణమ్మ టీచరుకు, బడికి వెళ్లిరావడానికి క్లచ్ లేని ఆ విదేశీ కారే ఆధారం. అది మొన్నటి నుంచి స్టార్టు కావడం లేదని తెలిసి, మరిది రఘుపతి పాత కార్లు కొనే బేరగాణ్ణే వెంటబెట్టుకుని దేవరకొండలోని ఆమె ఇంటికి వచ్చాడు.

“గేర్‌బాక్సు ఖతమైంది వదినా. వచ్చినకాడికి అమ్మేద్దాం.”

“ఎవరు చెప్పిన్రు? డాష్‌బోర్డుల దీపం ఎన్నిసార్లు మిణుకుమంటాందో చూసి, కారుతోని ఇచ్చిన పుస్తకంల దాని అర్థం వెతికిన. గేరు ఎక్కడున్నదో ఇంజనుకు చెప్పే స్విచ్చు చెడిందట, గంతే.”

“లివరు పార్కింగుల్నే ఉన్నది గద?”

“ఉన్నది. గా సంగతి ఇంజనుకే తెలుస్తలేదు. పార్కింగుల్నో న్యూట్రల్‌ల్నో ఉన్నదని తెలిస్తెనే అది స్టార్టయితది. న్యూట్రలన్న గుర్తువడ్తదేమో, జర న్యూట్రల్‌ల పెట్టి తాళంచెవి తిప్పు.”

ఇంజను వెంటనే అందుకుంది. సుగుణమ్మ నవ్వు ఆపుకుంది.

“మరి వాకిట్ల కూసున్న బేరగానికి ఏం చెప్పాలె?”

“చాయ్ తాగమను. బస్టాండు దాక నేనే కార్ల దించొస్త.”