పేరు పెట్టిన తుఫాను

దీవి తీరాన ఉన్న నగ్వాబో ఊరి బజారులో ఇవెట్ నడిపే చిన్న ఇన్సూరెన్స్ ఆఫీసు. ఒడ్డున ఇల్లు కొనబోతున్న ఒస్వాల్దో ఆమె ఎదుట కుర్చీ అంచున కూర్చున్నాడు. అతను అలా కూర్చున్నాడంటే పీకల మీదికి తెచ్చుకున్నాడనే లెక్క.

"లేదన్నయ్యా. పాలసీ రాయడానికి లేదు."

"లేకపోవడమేంటి చెల్లెమ్మా? డబ్బు తెచ్చాను. నువ్వు మొదట చెప్పిన రేటే, సెంటు కూడా తగ్గించమనను."

"అసలు మీరు వేరే చోట—"

"అది తర్వాత చెప్తాను. ముందు రాయి."

"పొద్దున ఎనిమిదింటికి తుఫానుకి పేరు పెట్టారు. రేడియో వినలేదా?"

"విన్నాను. పెడితే పెట్టారు. అదింకా ఎక్కడో సముద్రం నడిమధ్యలో ఉంది."

"పేరు పడిందంటే కంపెనీ కొత్త పాలసీ రాయదు. అది దాటిపోయేదాకా ఒక్కటంటే ఒక్కటి కూడా. కంప్యూటర్లో ఆ పేజీయే తెరుచుకోదు."

"బిడ్డకి పేరు పెడితే ఊరందరికీ విందు. గాలికి పేరు పెడితే తలుపులు మూసేయడమా?"

"వేళాకోళానికి ఇదా సమయం?"

"ఏడవలేక నవ్వుతున్నాను చెల్లెమ్మా. నిన్నటి తేదీ వేసి రాసెయ్యి."

"వెయ్యలేను."

"నా కూతురికి జ్ఞానతల్లివి నువ్వు. బాప్తిస్మం నాడు గుళ్లో దాన్ని ఎత్తుకుని ఫాదర్ ముందు నిలబడ్డావు."

"ఆ పిల్ల మీద ఒట్టు, నా చేతిలో ఉంటే మొదట మీకే రాసేదాన్ని. తేదీ నేను వేసేది కాదన్నయ్యా, మిషనే వేసుకుంటుంది."

"రేపు పదింటికి బ్యాంకులో సంతకాలు. తుఫాను పాలసీ కాగితం పెట్టకపోతే లోను ఇవ్వరు."

"నాలుగు రోజులు ఆగమనండి."

"బ్యాంకు ఆగుతుంది. ఇల్లమ్మే ఆవిడ ఆగదు. రేపు కాకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తానని మొహం మీదే చెప్పింది."

"పోతే పోయింది, కొండ మీద ఇల్లుందిగా. కొన్నాళ్లు అక్కడే—"

"అమ్మేశాంగా. శనివారం కొన్నవాళ్లు దిగుతారు. మీ వదిన నెరెయిదా గిన్నెలతో సహా అట్టపెట్టెల్లో కట్టేసింది."

"అయ్యో దేవుడా! మూడు వారాలు ఏం చేశారు? మూడుసార్లు ఫోన్ చేశాను కదా!"

"ఆలోచించాను."

"ఏం ఆలోచించారు?"

"ఏమో... కొండ మీదుంటే గట్టి వానకే దారి కూలిపోతుంది. మరియా తుఫానప్పుడు ఎనిమిది రోజులు డయాలసిస్ లేదు నెరెయిదాకి. ఒళ్లంతా వాచిపోయి, నా భార్యని నేనే గుర్తుపట్టలేకపోయాను. ఇక్కడికొస్తే ఆసుపత్రి పది నిమిషాలు. సరే అనుకుంటే ఇక్కడ సముద్రం. గాలికి కప్పు లేచిపోతే మొదటి ఎనిమిది వేల డాలర్లూ మేమే పెట్టుకోవాలన్నావు. నీళ్లు లోపలికొస్తే దానికి ఇంకో పాలసీ అన్నావు. ఇల్లు మనదే అయినా ఏటేటా సముద్రానికి అద్దె కట్టాలన్నమాట. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎటూ తేల్చుకోలేకపోయాను."

"తేల్చుకున్నానని మీరే కదా అన్నారు! పోయిన గురువారం ఫోన్ చేసి, వేరే కంపెనీలో సగానికే దొరికింది, రాయించేసుకున్నాను, నీ పాలసీ అక్కర్లేదన్నారు."

"అదీ..."

"ఆ పాలసీ ఉంటే చాలు. పేరు పెట్టకముందు రాసింది చెల్లుతుంది. ఏ కంపెనీ?"

"కంపెనీ లేదు."

"లేకపోవడమేంటి?"

"బేరం చెల్లెమ్మా. చేపల దగ్గర రేటు నచ్చక వెనక్కి తిరిగి నాలుగడుగులేస్తే పిలిచి తగ్గిస్తారా లేదా? నువ్వూ పిలుస్తావనుకున్నాను."

"ఇదేమన్నా నేను పట్టుకొచ్చిన చేపా, తగ్గించి ఇవ్వడానికి!"

"తప్పే. బుద్ధి గడ్డి తిన్నది. ఎంతైనా తిట్టు, పడతాను. కానీ ఏదో ఒక దారి చూపించు."

"ఉంటే చూపించనా? ఇవాళ ఈ దీవిలో ఎవరి దగ్గరికెళ్లినా ఇదే మాట చెప్తారు."

"నెరెయిదాకి ఏ మొహం పెట్టుకుని చెప్పను? కాగితాల సంగతి నేను చూసుకుంటాను, నువ్వు జోక్యం చేసుకోకు అన్నాను. నేను నాన్చుతున్నట్టు దానికి తెలీదు."

"తెలుసన్నయ్యా."

"ఏంటీ?"

"నిన్న ఆసుపత్రి నుంచి సరాసరి ఇటే వచ్చింది వదిన. చేతికి కట్టు కూడా విప్పలేదు. ఈయన తేల్చేలా లేడు, నేనే రాయించుకుంటాను అంటూ డబ్బు బల్ల మీద పెట్టింది."

"నిన్నా? నిన్న పేరు పెట్టలేదుగా! బతికించావు! మరి ఆ మాట ముందే చెప్పవేం? రాశావు కదూ?"

"పెన్ను కూడా తీసింది. వద్దు వదినా, అన్నయ్య వేరే చోట రాయించేశాడు, డబ్బు దండగ అని చెప్పి, నేనే వెనక్కి పంపేశాను."