స్పీడు బాబాయ్ వైన్ ఎక్కించిన వైనం

"గొప్పలు చెప్పుకునే అలవాటు నాకు లేదు, మీ అందరికీ తెలిసిందే," అన్నాడు స్పీడు బాబాయ్, టీ గ్లాసు అందుకుంటూ.

మాకు తెలిసిందే. అందుకే బెంచీ మీద కాస్త కుదురుగా సర్దుకుని కూర్చున్నాం.

బాబాయ్‌ది టీ కొట్టు పక్కనే కంప్యూటర్లు బాగుచేసే షాపు. ఎవరు ఏ మిషను తెచ్చినా చూడకుండానే "స్పీడు పెంచేస్తా" అంటాడు గనక ఆ పేరు. ఎదురుగా జిరాక్స్ కొట్టు నాది. ఆ సాయంత్రం మాతో పాటు బాబాయ్ బావగారు కూడా ఉన్నారు, మా వీధి టైలరు. ఆయన టీ చల్లారిపోతున్నా ముట్టుకోలేదు. పొద్దున కూతురు కాలేజీకి వెళ్లగానే, ఆమె ల్యాప్‌టాప్ మరీ నత్తలా నడుస్తోందని, ఆమెకి చెప్పకుండా తెచ్చి బావమరిది చేతిలో పెట్టారాయన. ఇవాళ సాయంత్రమే అమ్మాయికి దాని మీద ఏదో ఆటలో పోటీ ఉందనీ, గెలిస్తే కాలేజీ జట్టులోకి తీసుకుంటారనీ మధ్యాహ్నం వాళ్లావిడ చెబితే గానీ ఆయనకి తెలియలేదు.

"ఒరేయ్, అమ్మాయి వచ్చే వేళయింది. అందులో ఆట ఆడుతుందా, ఆడదా? ఒక్క ముక్కలో చెప్పు."

"ఒక్క ముక్కలో తేలే సంగతా బావా ఇది? మొదట్నించీ విను. మూత తీసి మీట నొక్కానా, నొక్కి షాపంతా చిమ్ముకుని, నీళ్లు చల్లుకుని వచ్చినా ఇంకా తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. లాభం లేదనుకున్నా. విండోస్ మొత్తం పీకి అవతల పారేశా."

"కిటికీలు పీకేశావా? షాపువా?" అంది టీ కొట్టు అక్క.

"నీ షాపువీ కాదు, నా షాపువీ కాదక్కా. కంప్యూటరు నడవాలంటే లోపల ఒక సిస్టం ఉంటుంది. లోకమంతా వాడేదాని పేరు విండోస్. అది పీకేసి లినక్స్ పెట్టా. మన వీధిలో ఎవరి దగ్గరా లేదది. దాని గుర్తు పెంగ్విన్ పిట్ట."

"పిట్ట పెడితే స్పీడొస్తుందా?" అన్నారు టైలరు, ఇంకా అయోమయంగా.

"వస్తుందా అని మెల్లిగా అడుగుతావేంటి బావా! మీట మీద వేలు పెట్టానంతే, తీసేలోపు తెర వెలిగింది. నమ్మకం కుదరక ఆపి మళ్లీ పెట్టబోయా. ఈసారి వేలు ఇంకా గాల్లో ఉండగానే వెలిగింది. సరే చూద్దామని చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డా. 'నొక్కుదామా' అని మనసులో అనుకున్నా చూడు, వెలిగిపోయింది!"

"అంటే ఇప్పుడు దాని ముందు ఏదీ అనుకోకూడదా?" అన్నాను నేను.

"అందుకే మూత వేసి ఉంచా. ఇంతకీ చిక్కెక్కడ వచ్చిందంటే, మా కోడలు ఆడే ఆటలన్నీ విండోస్ కోసం చేసినవి. పిట్ట వాటిని దగ్గరికి రానివ్వదు. దానికి మందొకటే. వైన్ ఎక్కించాలి."

అక్క చేతిలో గరిటె ఆగిపోయింది. "పట్టపగలా?"

"ఎప్పుడైతేనేం అక్కా, ఎక్కిస్తే గానీ ఆడదు."

టైలరు లేచి నిలబడ్డారు. "ఒరేయ్, చదువుకునే పిల్ల వస్తువురా అది! దానికి కూడా అలవాటు చేశావా?"

"అయ్యో బావా, తాగే వైన్ కాదు. పేరు వైన్, అంతే. ఈ సిస్టం మీద ఆ సిస్టం ఆటలు ఆడించడానికి మధ్యలో ఉండే దుబాసీ లాంటిది."

"దుబాసీకి ఆ పేరెవరు పెట్టారు?"

"ఆ సంగతి నన్నడక్కు. కూర్చో. చుక్క ఎక్కువైతే ముప్పు, తక్కువైతే ఆడదు. కొలత చూసుకుని ఎక్కించా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? లోపల ఫ్యాను తిరగడం మొదలెట్టింది. మొదట దోమ పాట. తర్వాత తేనెటీగ. తర్వాత నీ కుట్టుమిషను లాగా. తర్వాత చూద్దును కదా, ల్యాప్‌టాప్ బల్ల మీద లేదు!"

"పడిపోయిందా?" అన్నారు టైలరు.

"లేచిపోయింది! నా గడ్డం దాకా లేచి అక్కడే నిలబడింది. ఛార్జరు వైరు పట్టుకుని, గాలిపటాన్ని దింపినట్టు మెల్లమెల్లగా దింపా. దింపి, దాని మీద బరువు కోసం పాత మానిటరు పెట్టా. మానిటరు కూడా లేచింది."

"బాబాయ్, నేను రోజంతా ఎదురుగానే ఉన్నాను. నాకేమీ కనబడలేదే?" అన్నాను.

"నువ్వు జిరాక్స్ మిషను మూతలో తల పెట్టుకుని కాగితం లాగుతున్నావు. నీ అదృష్టం అంతే."

కాగితం ఇరుక్కున్న మాట నిజమే. దాంతో నమ్మాలో మానాలో తేల్చుకోలేకపోయాను. మా వెనక ఎవరో వచ్చి నిలబడ్డట్టు అనిపించింది గానీ, అప్పటికే బాబాయ్ గ్లాసు కింద పెట్టి రెండు చేతులూ ఎత్తేశాడు. చేతులెత్తాడంటే కథ ఇక నేల మీద నడవదు.

"ఆట తెరుచుకుంది. అబ్బబ్బ, ఏం ఆట అది! నువ్వే చెప్పావు కదా బావా, అందులో ఏనుగులూ గుర్రాలూ ఉంటాయని."

"అవును. 'గుర్రం పోయింది, ఏనుగు పోయింది' అని గొణుక్కుంటూ ఉంటుంది పిల్ల. పాపం, మొన్నొక రోజు మంత్రి పోయాడని అన్నం కూడా సరిగ్గా తినలేదు."

"నా చేతిలో ఎవరూ పోలేదు! అటు చూస్తే కనుచూపు మేర శత్రువులు. ఇటు మన రాజు. పక్కన మంత్రి, భయంతో నా చొక్కా పట్టుకుని వదలడే. 'నువ్వు కదలకు, ఇక్కడే కూర్చో' అని వాణ్ని కూర్చోబెట్టి గుర్రం ఎక్కా. ఎక్కి మడమతో ఒక్క పోటు పొడిచానా, బాణంలా తిన్నగా దూసుకుపోయింది."

"తిన్నగానా మామయ్యా?" అని వెనక నుంచి వినిపించింది.

టైలరు గారి అమ్మాయి. భుజాన పుస్తకాల సంచి, చేతిలో సగం తిన్న బిస్కెట్టు. ఎంతసేపట్నించి వింటోందో ఏమో. టైలరు కంగారుగా లేచారు. బాబాయ్ కూడా ఒక్క క్షణం తడబడ్డాడు. కానీ చేతులు పైన ఉన్నాయి, దింపడానికి వీల్లేదు.

"రా కోడలా, కూర్చో, నీ ఆటే చెబుతున్నా. తిన్నగా అంటే అలా ఇలా కాదు. తెర ఈ చివర్న బయల్దేరి ఆ చివర దాటేసింది. దాటి షాపులో ఉన్న రెండో కంప్యూటర్లోకి దూకింది. అందులోంచి మూడోదాంట్లోకి. అన్నీ ఆపేసి ఉన్నవే, గుర్రం రాగానే వాటంతట అవే వెలిగాయి!"

"ఏనుగులు ఏం చేశాయి?" అంది అమ్మాయి.

"ఏనుగులు! నన్ను చూసి చెల్లాచెదురై, తలో మూలకీ అడ్డంగా, ఐమూలగా, వంకరటింకరగా పరుగులు. వాటిని దాటి రాజు దగ్గరికి చేరా. కాళ్ల మీద పడ్డాడు. వదుల్తానా? ఒకే వేటు. తల ఎగిరి వచ్చి షాపులో నా ముందున్న కీబోర్డు మీద పడింది."

"రాజు తల తీసేశావా?"

"తీసేశా! అక్కడితో ఆగితే నేనెందుకు? ఇంకో దేశం వాళ్లు దిగారు, వాళ్ల రాజు తలా తీశా. మరో దేశం. లోకంలో ఈ ఆట ఆడేవాళ్లంతా తమ ఆటలు ఆపేసి నన్నే చూస్తున్నారు. చివరికి ఏమైందంటావు? ఫోను మోగింది. ఆ ఆట తయారుచేసినవాళ్లు! 'అయ్యా, మీకు దణ్ణం పెడతాం, దయచేసి ఆపండి. మా దగ్గర శత్రువులు అయిపోయారు. కొత్తవాళ్లని గీయాలంటే టైం పడుతుంది' అన్నారు. పోనీలే పాపం అని ఆపా."

టీ పొంగి పొయ్యి మీద పడింది. అక్క అది కూడా గమనించలేదు.

అమ్మాయి బిస్కెట్టు ముక్క నోట్లో వేసుకుని, నమిలి, మింగింది.

"మామయ్యా, గుర్రం తిన్నగా వెళ్లదు. రెండు గళ్లు వెళ్లి పక్కకి తిరుగుతుంది. ఏనుగు ఐమూలగా వెళ్లదు. రాజుని ఎవరూ చంపరు. నేనాడేది చదరంగం."

బాబాయ్ చేతులు ఒకదాని తర్వాత ఒకటి కిందికి దిగాయి.

"చదరంగమా?" అన్నారు టైలరు. "గళ్ల బల్ల మీద ఆడేదా? దానికి కంప్యూటరెందుకమ్మా?"

"అవతలివాళ్లు వేరే ఊళ్లో ఉంటారు నాన్నా." ఆమె మామయ్య వైపు తిరిగింది. ఇప్పుడు ఆమె ముఖం కాస్త పాలిపోయింది. "నా సిస్టం నిజంగానే మార్చేశావా? నా పాఠాలు, ప్రాజెక్టు?"

"అన్నీ ముందే పెన్‌డ్రైవ్‌లోకి తీశానమ్మా," అన్నాడు బాబాయ్, ఇందాకటి గొంతులో సగం కూడా లేకుండా. "ఒట్టు. ఆట మాత్రం ఎంత వెతికినా కనబడలేదు. పొద్దుట్నించీ అదీ ఇదీ ఎక్కించి చూస్తూనే ఉన్నా."

ఆమె షాపులోకి నడిచింది. వెనకే మేమందరం. బల్ల మీద ల్యాప్‌టాప్ మామూలుగానే ఉంది, ఎగిరే ఉద్దేశం ఉన్నట్టు కనబడలేదు. మీట నొక్కింది. మామూలుగానే వెలిగింది, కాకపోతే నిజంగానే తొందరగా. ఇంటర్నెట్ తెరిచి, తన పేరు కొట్టి, లోపలికి వెళ్లింది. నల్ల గళ్లూ తెల్ల గళ్లూ వచ్చాయి.

"అయ్యో, ఇంతేనా? దీనికేమీ ఎక్కించక్కర్లేదా?" అన్నాడు బాబాయ్.

"ఏ సిస్టమైనా సరే మామయ్యా, నెట్ ఉంటే చాలు. ఇంటికెళ్లే టైం లేదు, ఇక్కడే ఆడేస్తా. ఎవరూ మాట్లాడొద్దు."

మాట్లాడలేదు. అసలేం జరుగుతోందో తెలిస్తే కదా మాట్లాడటానికి! ఆమె చాలాసేపు చూస్తుంది, ఒక బొమ్మ జరుపుతుంది. అటువైపు బొమ్మ ఒకటి జరుగుతుంది. మళ్లీ చూస్తుంది. ఒకసారి ఆమె గుర్రం పోయింది. టైలరు గోడకి చేరగిలబడి కళ్లు మూసుకున్నారు. ఆమె మాత్రం పెదవి కొరుక్కుని, వేలితో బల్ల మీద ఏవో గీతలు గీసుకుని, అన్నిటికంటే చిన్న బొమ్మని ఒక గడి ముందుకి జరిపింది. ఆ తర్వాత అవతలివైపు నుంచి ఎంతకీ కదలిక లేదు. నేను నెట్ పోయిందనుకున్నా.

అమ్మాయి కుర్చీలో వెనక్కి వాలింది. కళ్లు తుడుచుకుంది.

"ఏమైందమ్మా?"

"అయిపోయింది నాన్నా. వాళ్లు ఓటమి ఒప్పుకున్నారు."

"అంటే నువ్వు గెలిచావా?"

"గెలిచాను. జట్టులోకి వచ్చాను."

టైలరు కూతురి తల మీద చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయారు. అక్కకి మాత్రం సందేహం తీరలేదు. "అదేంటి, దెబ్బే కొట్టలేదుగా? ఎప్పుడు గెలిచింది?" అని నా చెవిలో అడిగింది. నాకూ తెలియదన్నాను.

కాసేపటికి టైలరు కళ్లద్దాలు సర్దుకుని బావమరిది వైపు తిరిగారు. కోపంగా కాదు, నిజంగానే అర్థం కాక అడిగారు.

"ఒరేయ్, ఇది చదరంగం. మరి నువ్వు తల తీసిన ఆ రాజు ఎవడ్రా?"

బాబాయ్ తెర వంక చాలాసేపు చూశాడు. కీబోర్డు వంక చూశాడు. వంగి బల్ల కింద కూడా చూశాడు.

"అదే బావా, నాకూ అంతుపట్టట్లేదు," అన్నాడు.