ఎడమ చెవికి చుక్కలు

అబ్బబ్బ, మళ్ళీ తలాడిస్తున్నారు! తలాడించొద్దని ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు? చేతికి బటన్ ఇచ్చానా లేదా? కూత వినపడితే నొక్కండి, వినపడకపోతే ఊరుకోండి. దీనికేం పెద్ద చదువులక్కర్లేదు. నిన్న నాలుగేళ్ళ బుడ్డోడు అదే కుర్చీలో కూర్చుని చక్కగా నొక్కి వెళ్ళాడు.

ఏంటీ? చెయ్యి వణుకుతోందా? వణకనివ్వండి. వణికే చేత్తో కూడా నొక్కచ్చు.

నా నోటివంక చూడకండి మరిదిగారూ. కుర్చీ గోడవైపు తిప్పుకోండి. ఇంకాస్త. ఆఁ, చాలు. ఇక్కడ పరీక్ష చెవులకి, కళ్ళకి కాదు. పెళ్ళైన కొత్తలో మా చెల్లి తెగ మురిసిపోయేది, "నేను మాట్లాడుతుంటే ఆయన నా నోటినే చూస్తుంటారక్కా" అని. పిచ్చి మొహం.

అసలు మీకు ఎంత ధైర్యమండీ! ఆరు నెలలుగా మా గుమ్మం తొక్కనివ్వలేదని, ఏకంగా నేను పనిచేసే చోటికే వచ్చేస్తారా? చీటీ రాయించుకుని, పదిమందితోపాటు బెంచీ మీద కూర్చుని! నర్సు లోపలికొచ్చి "మీ మరిదిగారట మేడమ్" అంటే నాకు తల కొట్టేసినట్టయింది. అందరిముందూ పొమ్మనలేను కదా. అది తెలిసే వచ్చారు. మీరేం తక్కువ తిన్నారా!

ఇంతకీ ఏమన్నారు ఇందాక? "నాకు తెలియాలి వదినా." ఇంకా ఏం తెలియాలి? తెలియాల్సిందంతా ఆరోజే అందరికీ తెలిసిపోయింది.

రాత్రి డ్యూటీ చేసొచ్చి మధ్యాహ్నం పడుకున్నారు మీరు. పక్కనే బాత్రూంలో మా చెల్లి జారిపడింది. తుంటి విరిగి, లేవలేక, మిమ్మల్ని పిలిచింది. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు, నలభై నిమిషాలు పిలిచింది. కింద వాటాలో బట్టలు కుట్టుకునే ఆవిడకి వినపడింది! మిషన్ చప్పుడులోంచి వినపడింది! ఆవిడ మెట్లెక్కొచ్చి, తలుపు తోసుకుని, భుజం పట్టి కుదిపితే అప్పుడు లేచారు దొరగారు. లోపల రక్తం పోతూనే ఉందట. అరగంట ముందు తీసుకొచ్చినా బతికేదన్నాడు డాక్టరు.

అప్పుడేమన్నారు మీరు? "కుడివైపు తిరిగి పడుకున్నాను, కుడి చెవి దిండులో ఉంది, ఎడమ చెవి మందం." అందరూ నావంక చూశారు. ఎందుకు చూడరు? పదిహేడేళ్ళుగా చెవులు చూస్తున్నదాన్ని. పైగా ఆ ఎడమ చెవిని రెండేళ్ళ క్రితం పరీక్ష చేసింది నేనే. మా నాన్న అడిగారు, "ఏమ్మా, నిజమేనా?" అని. నేనేం చెప్పానో గుర్తుందిగా? "ఆ చెవి కొంచెం తక్కువే నాన్నా. గుసగుస వినపడదు. కేకేస్తే మాత్రం వినపడి తీరుతుంది."

అంతే. ఆ తర్వాత మీ మాట ఎవరూ నమ్మలేదు.

తలెత్తండి. ఏడవకండి, హెడ్‌ఫోన్ తడిసి పాడవుతుంది.

నాకు ఒళ్ళు మండేది ఎక్కడో చెప్పనా? ఇందాక కూలబడి చెప్పారే, "వినపడే ఉంటుందేమో వదినా, నిద్రలో విని కూడా బద్ధకించానేమో, ఆరు నెలలుగా కన్ను మూస్తే అదే ఆలోచన" అని. అంటే మిమ్మల్ని మీరే నమ్మడం లేదన్నమాట. ఇక లోకం ఎలా నమ్ముతుందండీ? "పాప అడిగితే ఏం చెప్పను" అంటారా? పాప అడగదులెండి. మా ఇంట్లో హాయిగా ఉంది. మీ ఫోనొస్తే మంచం కిందికి దూరుతోంది. లాగినా రావడం లేదు.

సరే, సరే. ఇప్పుడింకో పరీక్ష. రెండు చెవుల్లోనూ పెడతాను. ఏ చెవి అని ఆలోచించక్కర్లేదు, వినపడితే నొక్కండి. అటే చూడండి, గోడవైపు.

హమ్మయ్య. ఎర్ర మీట వదిలేశాను. ఇది నొక్కిపట్టి మాట్లాడితేనే నీకు చేరుతుంది. వదిలేస్తే ఈ అద్దం ఇవతల నేను గొంతు చించుకున్నా అవతలికి పోదు.

ఇదేం పరీక్షో తెలుసా? దొంగ చెవిటివాళ్ళని పట్టే పరీక్ష. పరిహారం కోసం, పింఛను కోసం "ఈ చెవి పోయింది మేడమ్" అంటూ వస్తారే, వాళ్ళ కోసం. ఒకే కూతని రెండు చెవుల్లోకీ ఒకేసారి వదులుతాను. మంచి చెవిలో చిన్నగా, పోయిందన్న చెవిలో పెద్దగా. అలా వదిలితే మనిషికి పెద్దగా ఉన్నవైపే తెలుస్తుంది, రెండోది తెలియదు. దొంగ ఏం చేస్తాడు? అమ్మో, ఇది నాకు వినపడకూడని చెవి కదా అనుకుని గమ్మునుంటాడు. దొరికిపోతాడు. నిజంగా చెవి పోయినవాడికి ఆ పెద్ద కూత లేనే లేదు. మంచి చెవిలో చిన్నది విని, అమాయకంగా నొక్కేస్తాడు.

ఇప్పటికి ఎంతమందిని పట్టానో లెక్కలేదు. పట్టిన ప్రతిసారీ సంబరమే నాకు.

ఇదిగో, వదులుతున్నా. నొక్కకు. నీకు దణ్ణం పెడతాను, నొక్కకు. దొంగవైపో నాయనా, ఒక్కసారికి దొంగవైపో.

నా ముందు దీపం వెలిగింది. నొక్కేశావు.

పొరపాటున తగిలిందేమో వేలు. మళ్ళీ.

మళ్ళీ వెలిగింది.

ఏడుసార్లు. ఏడుసార్లూ వెలిగింది. ఒక్కసారైనా తడబడొచ్చు కదయ్యా! వణికే చెయ్యన్నావు కదా, ఏది ఆ వణుకు?

ఊఁ... వినపడుతోందా మరిదిగారూ? అయిపోవచ్చింది. ఇప్పుడు కుడి చెవిలో హోరు వస్తుంది. రేకుల మీద వాన పడ్డట్టుంటుంది. దాన్ని పట్టించుకోకండి. ఎడమ చెవిలో కూత వినపడితేనే నొక్కండి. ఏంటి? పోయినసారి ఈ హోరు లేదా?

అప్పటి మిషన్ వేరండీ. తిరగండి అటు.

మీట వదిలేశాను. మిషన్ వేరట! నా నోట్లోంచి ఎలా వచ్చిందో చూశావా? తడుముకోనైనా లేదు. ఇదే మిషన్. ఇదే గది. ఆ కుర్చీ కూడా అదే.

ఇప్పుడు నీ మంచి చెవి నిండా హోరు. రెండో చెవిలో ఏముందో చూద్దాం. కూత పెంచుకుంటూ పోతున్నా. డెబ్భై. ఎనభై. తొంభై. దీపం లేదు. నూరు. నూట పది, లారీ హారన్ చెవికానించి మోగించినట్టు. కదలవేం? ఉలిక్కిపడవేం? ఈ మిషన్‌కి ఇంతకంటే పెద్ద గొంతు లేదయ్యా.

చచ్చిపోయిన చెవి. పూర్తిగా చచ్చిపోయిన చెవి.

ఈ హోరు ఎందుకో చెప్పనా? ఇది మాకు మొదటి ఏడాది పాఠం. పోయిన చెవిలో గట్టి కూత పెడితే అది పుర్రె మీదుగా అవతలి చెవికి పాకుతుంది. మంచి చెవి వింటుంది, చెయ్యి నొక్కుతుంది. చచ్చిన చెవి విన్నట్టు కాగితం మీద గీత పడుతుంది. అందుకే మంచి చెవిని హోరుతో మూసెయ్యాలి. మూయకపోతే ఆ కాగితం చిత్తుకాగితం. పనిలో కొత్తగా చేరే ప్రతి పిల్లకీ నేనే చెప్తాను ఈ ముక్క, వేలు చూపించి మరీ చెప్తాను.

ఇదిగో నీ పాత కాగితం. హోరు ఎంత పెట్టారు అని ఇక్కడో గడి ఉంటుంది. చూడు. ఖాళీ.

ఆవేళ భోజనాల టైము. నువ్వు చీటీ కూడా రాయించుకోలేదు, చెల్లి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. బయట రెండు సంచులు కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చుంది. హోరు పెట్టి చెయ్యాలంటే ఇంకో ఇరవై నిమిషాలు. నాకు ఆకలేస్తోంది. మన మనిషే కదా, ఏముందిలే అనుకున్నాను. దారినపోయే దానయ్య వస్తే పెట్టేదాన్ని తెలుసా? దారినపోయేవాడికైతే భయపడి పెట్టేదాన్ని.

"చిన్నప్పుడు గవదబిళ్ళలు వచ్చాయి వదినా, అప్పట్నుంచే ఈ చెవి" అన్నావు. రాసుకున్నాను కూడా. ఇదిగో, నా చేతిరాతే. గవదబిళ్ళలు వస్తే ఒక చెవి మొత్తంగా పోవచ్చని తెలియనిదాన్నా? నువ్వు ఎప్పుడూ దానికి ఎడమపక్కనే నడిచేవాడివి, అది నీ కుడి చెవివైపు ఉండాలని. అది మాట్లాడుతుంటే నోటినే చూసేవాడివి. ఇవన్నీ అది నాకు పూసగుచ్చినట్టు చెప్పింది, నేను నవ్వాను. గుబిలి ఉందని రాసి, చుక్కలిచ్చి పంపించేశాను.

అది కాదు. అంతవరకైతే నేను కూడా ఏదో ఒకటి సర్దిచెప్పుకుందును.

నువ్వు చెప్పులేసుకుంటున్నావు. దాన్ని పక్కకి పిలిచి అన్నాను, "నీ మొగుడికి చెవుడేం లేదే. నువ్వంటే లెక్కలేదు, అంతే." హాస్యానికే అన్నాను. కొంచెం హాస్యానికి, కొంచెం... నాకు నువ్వంటే పడేది కాదులే. అది నవ్వలేదు. సంచులు రెండూ అదే మోసుకుని వెళ్ళింది, నీకు ఇవ్వలేదు.

అప్పట్నుంచి ఏడాదిన్నర పాటు నీతో పోట్లాడింది కదా, విని కూడా పలకరు, విని కూడా పలకరు అని? నువ్వు నాతో చెప్పుకున్నావు కూడా, "ఎందుకో మారిపోయింది వదినా" అని. ఎందుకో నాకు తెలుసు.

ఆ బాత్రూంలో, ఆ నలభై నిమిషాలు, అది ఏమనుకుంటూ పిలిచిందో తెలుసా నీకు? ఆయనకి వినపడుతోంది, విని కూడా రావడం లేదు అనుకుంటూ పిలిచింది. అలా అనుకుంటూనే పోయింది. అక్క చెప్పింది కదా మరి. అక్కకి తెలియదా?

ఏయ్! ఎందుకిటు తిరిగావు? ఎంతసేపట్నుంచి... లేదు, ఇప్పుడే తిరిగాడు. ఏంటి, అయిపోయిందా అని సైగా? ఇదిగో ఈ కాగితం నా నోటికి అడ్డం పెట్టుకుంటాను, ఏదో చదువుకుంటున్నట్టు. ఖాళీ గడి నీవైపే ఉంది, చూసుకో. నీకేం అర్థమవుతుందిలే. తిరుగు. ఊఁ, ఇదిగో వేలు చూపిస్తున్నా, గోడవైపు. మంచి మనిషి, చెప్పిన మాట వింటాడు.

ఈ గడి ఖాళీగా ఉందని నాకు ఎప్పుడు తెలిసింది? చెల్లి పోయాక వారం రోజులకి. అందరికీ రుజువు చూపిద్దామని ఫైలు తీశాను. చూసి, మళ్ళీ పెట్టేశాను. ఆరు నెలలుగా ఒకటే కోరుకున్నాను, నువ్వు దొంగవైతే బాగుండునని. నువ్వు దొంగవైతే నా కాగితం నిజమయ్యేది.

ఇప్పుడేం చెయ్యను? నిజం చెప్తే నువ్వు ఇవాళ్టికైనా కంటినిండా నిద్రపోతావు. తెలుసు. చెప్తే మా అమ్మా నాన్నా ఇక నా మొహం చూడరు, అదీ సరే. కానీ పాప? పాప రోజూ నా పక్కలోనే పడుకుంటుంది, నా కొంగు గుప్పిట్లో పట్టుకుని. "పెద్దమ్మా" అనడంలో పెద్ద అనే ముక్క ఈమధ్య మింగేస్తోంది. నాకు పిల్లల్లేరు. నీకు తెలుసు, మీ అందరికీ తెలుసు, ఎవరూ నా ముందు అనరు, అంతే. "నాన్నకి వినపడిందా?" అని అది ఒక్కసారే అడిగింది. నేను అవునన్నాను. ఎనిమిదేళ్ళ పిల్లతో అవునన్నాను! అప్పటికే ఈ గడి చూసేశాను కూడా.

అదీ నేను. ఇక చాలు. నీ చెవిలో వాన ఆపేస్తున్నాను.

మరిదిగారూ! వినపడుతోందా? అయిపోయింది, బయటికి రండి. మెల్లగా, గడప ఉంది. హెడ్‌ఫోన్ అక్కడ పెట్టేయండి. కూర్చోండి, మంచినీళ్ళు తాగుతారా?

ఏముంటుందండీ, పోయినసారి ఎంతుందో అంతే. గుసగుస వినపడదు. కేకేస్తే వినపడుతుంది.

అవునండీ, నిద్రలో కూడా.

అయ్యో, నాకు దణ్ణం పెడతారేంటి! ఎంత మాట, నా పని నేను చేశాను. పోనీలెండి, ఇప్పటికైనా ఆ అనుమానం తీరింది కదా మీకు. పాపనా? ఇప్పుడప్పుడే వద్దులెండి. దాని మనసు కుదుటపడనివ్వండి. నేను చెప్తానుగా ఎప్పుడో.

ఆగండాగండి, చుక్కలు రాసిస్తాను. గుబిలి ఉంది కాస్త. రోజుకి మూడుసార్లు, ఎడమ చెవిలో. వేసుకున్నాక వెంటనే లేవకండి, లోపలికి దిగాలి.

కుడివైపు తిరిగి పడుకోండి.