పిడికెడు బియ్యం ఎట్టా ఆగిపోయిందంటే

"అవ్వా, మన గుడి పక్కన ఆ రేకుల షెడ్డు గోడ మీద కోడిగుడ్డు, ఆకుకూర బొమ్మలు ఎవురు ఏసినారు?"

ఎవురేసినారా? ఆత్మకూరు నుంచి వచ్చినోళ్లు ఏసిపోయినారు. ఎన్ని వానలు పడినా చావవు ఆ బొమ్మలు. నువ్వడిగినావు గాబట్టి చెప్తా ఉండా, లేకపోతే ఆ షెడ్డు వైపు నేను తల తిప్పను. కూర్చో. రికార్డు చేసే ఆ ఫోను అట్టా కింద పెట్టు, నా మూతికాడ వద్దు.

బొమ్మలు తర్వాత సంగతి పాపా. ముందు పిడికెడు బియ్యం. మా అత్త, అంటే మీ నాయనకి అవ్వ, ఆమె కాలం నుంచి మన పాలెంలో ఆడోళ్లు ఎసట్లో పోసే ముందర ఒక పిడికెడు తీసి పక్కన చిన్న కుండలో ఏసేది. బియ్యం అంటానే గానీ, మన మెట్టలో బియ్యం యాడియి? సద్దలో రాగులో, ఏదుంటే అది. ఆదివారం ఆరాధనకి వస్తా గుడికి తెచ్చి పోసేది. లేనోళ్లు గూడా ఏసేది. ఆ గింజలతో స్త్రీల సమాజం తరఫున కడుపుతో ఉన్నోళ్లకి, బాలింతలకి, పొద్దున పూట సంగటో జావో కాచి పోస్తా ఉంటిమి. వండేది నేను, ఎదురింటి రత్నమ్మ. రత్నమ్మ తెలుసు గదా, ఇప్పుడు వింజమూరులో కూతురి కాడ ఉండాది. ఆ, బెల్లం... బెల్లం మాత్రం పాస్టరయ్యగారు ఇప్పించేది, అప్పుడు కేజీ ఏడో ఎనిమిదో ఉండేది. తినేదానికి ఎవురూ సిగ్గుపడేది లేదు. అందరి గింజలూ అందులో ఉంటాయి గదా, ఇంక సిగ్గేంది.

అట్టా ఉండంగా ఆఫీసోళ్లు వచ్చినారు. ఏదో దేశం నుంచి డబ్బు వస్తాదంట, ఆత్మకూరులో ఆఫీసు పెట్టినారు. సారు మంచోడే, మాట మెత్తన, మన చాప మీదే కూర్చునేవాడు. మా కుండలు చూసి, "పేదోళ్ల కాడ గింజలు వసూలు చేసేదేందమ్మా, పాపం గాదా? ఇంకమీదట అంతా మేం పెడతాం" అన్నాడు. మాకు ఎంత సంతోషమో! అబద్ధమెందుకు, ఆడోళ్లంతా చప్పట్లు కొట్టినారు. షెడ్డు ఏసినారు, పిండి మూటలు, నూనె డబ్బాలు, స్టీలు పళ్లేలు. నాకూ రత్నమ్మకీ నెల జీతం. పిడికెడు తియ్యద్దన్నారు, మానేసినారు అందరూ. ఆ కుండల్లో చింతపండు పోసుకున్నారు.

తిండి బాగానే పెట్టినారు, కాదనను. కానీ వాళ్లకి ఫోటోలు గావాల. ఒకసారి డబ్బిచ్చే దొరలు వస్తారని పళ్లేల్లో వడ్డించి కూర్చోబెట్టినారు. పొద్దునే వస్తామన్నోళ్లు పొద్దు వాలినాక దిగినారు. దారిలో సోమశిల డ్యాము చూడబోయినారంట! అందాకా నెలలు నిండినోళ్లు పళ్లెం ముందర పెట్టుకుని, తినకూడదు. "ఖాళీ పళ్లెం ఫోటోలో బాగుండదు" అంటాడు సారు. "తినమనండి సార్, మళ్లా వడ్డిస్తాను" అన్నాను. "కొంచెం ఓర్చుకో కాంతమ్మా" అన్నాడు. ఓర్చుకున్నాం. మనకొచ్చిన పని అదే గదా.

మీ అమ్మ మొదటిసారి నీళ్లోసుకున్నది ఆ తర్వాతే. అప్పుడు మనిషి ఎట్టా ఉండేదో నీకు తెలవదు, పుల్ల మాదిరి. మీ నాయన గోడలు కట్టే బేల్దారి పనికని మద్రాసు పోయినాడు. ఆ ఏడు వానలు లేవు, కూలి లేదు. షెడ్డు కూడు ఉండాది గదా, నా కోడలు గట్టెక్కతాదిలే అనుకున్నాను. ఆమెకి ఐదో నెలలో మూసేసినారు.

ఎందుకో తెలుసా? ఆ దేశపోళ్లకి మనసు మారిందంట. తిండి పెడితే జనం సోమరులైపోతారంట, తిండి గాదు చైతన్యం కల్పించాలంట. చైతన్యం! మూటలు ఆగిపోయినాయి, సారు పోయినాడు, ఒక మేడమ్ వచ్చింది. ఆమె ఏయించినయ్యే ఆ బొమ్మలు. మీ అమ్మని గోడ ముందర కూర్చోబెట్టి కర్రతో చూపిస్తాది, "ఇది గుడ్డు, రోజుకొకటి తినాల. ఇవి పాలు. ఇది ఆకుకూర." మీ అమ్మ అన్నిటికీ తలకాయ ఊపతా ఉండాది. పొద్దున గంజి తాగి వచ్చిన మనిషి. నా కడుపు మండిపోయింది పాపా. "గుడ్డు ఎట్టా ఉంటాదో మాకు తెలుసమ్మా, యాడ దొరకతాదో అది చెప్పు" అన్నాను. ఆమెకి కోపం గూడా రాలేదు, రాసుకున్నది.

సరే, పోతే పోయినారు, మన పిడికెడు మనకుండాది గదా అని గంప తీసుకుని ఇల్లిల్లూ తిరిగినాను. "ఆఫీసోళ్లు నీకు ఇస్తానే ఉంటార్లే, మా గింజలెందుకు?" అనింది ఒకామె. లేదుమే, నా జీతం గూడా ఆగిపోయింది అంటే నమ్మదు. ఇంకొకామె, పేరు చెప్పను, ఇప్పుడు లేదు, ఆమె బిడ్డలందరికీ నా చేత్తో జావ పోసినాను, ఆమె అనింది, "నీ కోడలికి కావాలనే గదా వచ్చినావు" అని. అవును, కోడలికే! నీ కాన్పులప్పుడు మా అత్త ఎవురికి ఏసింది పిడికెడు? అని అడగాల్సింది, గంప ఎత్తుకుని పక్కింటికి పోయినాను. పాస్టరయ్యగారు ఆరాధనలో చెప్పి చూసినాడు, తలకాయలు దించుకున్నారు. వాళ్ల ఇళ్లల్లోనూ లేదనుకో ఆ ఏడు. కానీ లేనప్పుడు గూడా ఏసినోళ్లే గదా వీళ్లు? జీతం తిన్న మనిషినని నన్ను వేరు చేసేసినారు, అంతే. ఆఫీసు పోయినా అది మాత్రం పోలేదు.

నెలలు నిండకముందే కాన్పు అయింది. మగబిడ్డ. నా అరచేతిలో పట్టినాడు. నా పైటలో చుట్టుకుని ఉదయగిరి పోయి డాక్టరమ్మకి చూపించినాము. ఆమె నా వైపు చూసి, "తల్లికి తిండి పెట్టలేదా మీరు?" అనింది. నన్ను! ఊరందరికీ పోసినదాన్ని.

వాడు నీకు అన్న. వారం తిరక్కుండా పోయినాడు. పేరు గూడా పెట్టలేదు.

చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు గదా మనకి, చుట్టుపక్కలోళ్లే వండి తేవాల. తెచ్చినారు. పాలెంలో ప్రతి ఇంటి నుంచీ వచ్చింది కూడు. గిన్నెలు పెట్టేదానికి చోటు లేక వాకిట్లో పెట్టినాము. పేరు చెప్పనన్నానే, ఆమె గూడా పప్పూ సంగటీ తెచ్చింది, మీ అమ్మ పక్కన కూర్చుని ముద్దలు చేసి నోట్లో పెడతా ఉండాది, "తినమ్మా, తినకపోతే మనిషివి ఎట్టా బతకతావు" అని ఏడస్తా. ఆ ఏడుపు దొంగ ఏడుపు గాదు పాపా. అదే నాకు ఇప్పటికీ... అంతకు రెండు నెలల ముందర ఆ గిన్నెల్లో ఒక్కటి వచ్చుంటే...

ఒద్దులే, ఆపు ఆ ఫోన్ని. నువ్వు సల్లగా ఉండు తల్లీ, నీ కడుపు ఎప్పుడూ నిండుగా ఉండాల. లెయ్, మీ అమ్మ అన్నానికి పిలస్తా ఉండాది. ఈ మాటలు ఆమె కాడ మాత్రం ఎత్తబాక.