వంతెనకు అవతల దొర

బ్రెటన్ దేశంలో కెర్వెన్ కోట. యుద్ధం నుంచి తిరిగొచ్చిన దొర ఎవెన్ కందకం అవతల వానలో గుర్రం మీద ఉన్నాడు. ఆయన వెనక రౌతులు. ఇవతల బురుజు మీద ఆయన భార్య అలియెట్, కాపలాదారు రివాల్. వంతెన ఇంకా పైకెత్తే ఉంది.

“నేనేనంటే నమ్మవేం? నా గొంతు గుర్తుపట్టలేదూ?”

“గొంతుదేముందండీ, జలుబు చేస్తే అందరిదీ ఒకటే. పక్క కోటలో దొర జెండా చూసి వంతెన దించారు. లోపలికొచ్చింది దొర కాదు.”

“తడిసిపోతున్నానే.”

“తడవండి. యుద్ధానికెళ్ళాక ఇదే మొదటి స్నానం అయుంటుంది.”

“సరే, ఏం అడుగుతావో అడుగు.”

“మన పెళ్ళి విందులో మీరేం చేశారు?”

“అలియెట్, వెనక ఇంతమంది ఉన్నారు.”

“వాళ్ళూ వింటారు. చెప్పండి.”

“మీ నాన్న ఒళ్ళో ఆపిల్ సారా ఒలకబోశాను.”

“ఒలకబోసి?”

“కుక్క ఒలకబోసిందన్నాను.”

“పాపం, దాన్ని బయటికి తరిమేశారు. రివాల్, నవ్వకు.”

“నవ్వట్లేదమ్మగారూ, దగ్గొచ్చింది.”

“సరే, నేను దగ్గరుండి చేయించేవాటిలో మీకు నచ్చనిది?”

“చేపల పులుసు.”

“ఇన్నేళ్ళూ లొట్టలేసుకుంటూ తిన్నారుగా?”

“భయపడి తిన్నాను.”

“ఆయనే, రివాల్. ఈ మాట అనాలంటే మధ్యలో కందకం ఉండాలి ఆయనకి.”

“మరి దించెయ్యనా అమ్మగారూ?”

“దించు. ఏవండీ, ఈ పూట ఆ పులుసే మీకు.”

“తింటాను. అలియెట్…”

“ఏమిటి?”

“బాబు నిద్రపోయాడా?”

“ఏమన్నారు?”

“మన బాబు. నా కోసం అడుగుతున్నాడా?”

“అడుగు… అడుగుతున్నాడు. రోజూ అడుగుతున్నాడు.”

“నేను రావడం ఆలస్యమైనా ఏడవొద్దని చెప్పు. నువ్వూ ఏడవకు.”

“అలాగేనండీ. అక్కడే ఉండండి. గొలుసు పట్టేసింది, కాస్త నూనె రాయిస్తాను.”

“గొలుసు బాగానే ఉందిగా అమ్మగారూ. దొరగారికేమైంది? మీకు పిల్లలెక్కడున్నారు?”

“గొంతు తగ్గించు, రివాల్. నవ్వుతూనే ఉండి, ఆ చక్రం మీంచి చెయ్యి తీసెయ్. ఆయన వెనకున్నది మన రౌతులు కాదు.”