పదకొండు దినాలు

తప్పు నువ్వు పెట్టిన మిషన్‌ది కాదంటవా? మరి శంకరయ్య పటేలు ఇంటికి నాలుగు రోజులు వరుసబెట్టి తెల్ల చామంతులు ఎవరు పంపిన్రు, నేను నెత్తిన పెట్టుకొని పోయి ఇచ్చొచ్చిన్నా? చెప్పు సాముయేలూ. గండిపేట నుంచి బండేసుకొని వచ్చినవు, జర చాయ్ తాగి నిమ్మలంగ చెప్పు. ఆ కంప్యూటర్ల ఏముందో అంత చూసినంకనే చెప్పు. తొందరేం లేదు.

నీకు మా పాత సంగతి తెల్వది గద బిడ్డా. మొయినాబాద్‌ల మాది ముప్పై ఏండ్ల పూల దుకాణం. చేవెళ్ల దిక్కు తోటల నుంచి పూలొస్తయి, ఇక్కడ దండలై పోతయి. ఇదివరకు ఆర్డరంటే మనిషొచ్చి గడపల నిలబడి చెప్పేది. ఇప్పుడు? రిసార్టులోళ్లు, ఫంక్షన్ హాలోళ్లు, అందరిది మెయిలే. మెయిల్‌కు తోకలెక్క ఒక కాగితం అంటిస్తరు. ఒకడు పీడీఎఫ్ అంటడు, ఒకడు ఎక్సెల్ అంటడు, ఇంకొకడు చేత్తోని గీకి ఫొటో పంపుతడు. అది చదవాల్నంటే మందుల దుకాణపోడు రావాలె!

మా కోడలు ప్రగతి అవన్ని ప్రింటు తీసిస్తే, నేను చదివి నోటుబుక్కుల ఎక్కిస్తుంటి. ఎక్కిచ్చుడంటే ఉత్త రాసుడనుకున్నవా? ఏ ఇంటికి ఏ పువ్వు పోవద్దో నాకెరుక. మైసయ్య ఇంటికి కనకాంబరాలు పంపద్దు. ఆయన చెల్లె బాయిల పడి పోయిన నాడు జడల అవే ఉండె. గీ ముచ్చట ఏ పీడీఎఫ్‌ల ఉంటది?

‘అత్తమ్మా, మీ కండ్లకు కష్టమైతున్నది’ అన్నది ప్రగతి. రెండు నెలలు నీ ప్రాణం తీసి మిషన్ పెట్టిచ్చింది. మెయిల్ అదే తెరుస్తదట, కాగితం అదే చదువుతదట, లిస్టు కట్టి ఆటో బాల్‌రాజ్ ఫోనుకు అదే పంపుతదట. నా కండ్ల మీద ఎంత దయ! నా నోటుబుక్కు పోయి అటకెక్కింది.

మొదటి వారం నవ్వలేక సచ్చినం. అజీజ్‌నగర్ రిసార్టోళ్ల ప్రతి మెయిల్ అడుగున వాళ్ల కంపెనీ బొమ్మ ఉంటది, నెమలి బొమ్మ. నీ మిషన్ దాన్ని గూడ ఆర్డరే అనుకొని రాసె: ‘నెమలి, ఒకటి.’ బాల్‌రాజ్ ఫోన్ జేసి, ‘అవ్వా, నెమలిని ఆటోల కూసోబెట్టాల్నా, తాడు కట్టి నడిపిచ్చుకపోవాల్నా?’ అని అడిగిండు. నవ్వకు, నువ్వే గద సరిజేసినవు.

ఇగ ఈ నడుమ శంకరయ్య పటేలు కాలం జేసిండు. మనుమరాలు అఖిల సిటీల నౌకరి చేస్తది. ఆ పిల్ల మెయిల్‌కు కాగితం అంటించి పంపింది: ‘తాత పదకొండు దినాలు. ఆదివారం. తెల్ల చామంతి, ఇరువై కిలోలు.’ మీ దిక్కు ప్రార్థన పెట్టుకుంటరు, మాకు దినాలు. పోయినోళ్లకు చేసే కర్మ. ఒక్కనాటి పని. మిషన్‌కేం తెలుసు? ఆదివారం మొదలువెట్టి పదకొండు రోజులు, రోజుకు ఇరువై కిలోలని లిస్టు కట్టింది!

ఆదివారం దినాలు మంచిగనే అయినయి. సోమవారం పొద్దుగాల మళ్ల ఇరువై కిలోలు. మంగళవారం ఇరువై. ఇల్లు కడిగి శుద్ధి చేసుకున్న గడపల మళ్ల సావు పూలు! సిటీ చుట్టాలెవరో పంపుతున్నరనుకొని వాళ్లు ఊకున్నరు. బుధవారం పటేలు భార్య అంతమ్మ వాకిట్లకొచ్చి, ‘ఏం కొడుకా, ఇంకెవరు పోతరని చూస్తున్రు మా ఇంట్ల?’ అని అడిగిందట. బాల్‌రాజ్ పూలు దించకుండనే ఆటో తిప్పుకొచ్చిండు.

మా నర్సింహ లేచిండు ప్రగతి మీద. ‘నీ మిషన్ బంద్. నువ్వు గూడ ఇగ దుకాణం దిక్కు రాకు.’ కొడుకు గాదు, కొత్వాలు! ‘అనుమానమొస్తే అది ఆగి అడుగుతది, అడగకుండ పంపది’ అని ఆ పిల్ల మొత్తుకున్నది. ఎవరు విన్నరు? పొద్దటి నుంచి మెతుకు ముట్టలె. ఆఖరికి నీకు ఫోన్ జేసింది.

ఎవర్నడుగుతదంటవా? నన్నే. ‘అత్తమ్మా, మీకు తెలిసినన్ని మాకు తెల్వయి. దానికి అర్థం గానియి మీ ఫోనుకొస్తయి. సరే అయితే పచ్చది నొక్కున్రి, కాదంటే ఎర్రది’ అన్నది ప్రగతి, ఆ నెమలి ముచ్చట అయినంక. మర్యాద జేస్తిననుకున్నది పిల్ల. నాకు మండింది. ముప్పై ఏండ్లు ఇంటింటి పుట్టుకలు, సావులు కడుపుల పెట్టుకున్నదానికి బొటనవేలు పని!

ఏందట్ల చూస్తున్నవు? దొరికిందా? శనివారం, ఆరు మీద పది నిమిషాలు... టైము గూడ రాసిపెట్టిందా? అవ్వో.

పూజల ఉన్న. ఫోన్ మోగింది. ‘పదకొండు రోజులా? రోజుకు ఇరువై కిలోలా? సరేనా?’ అని అడిగింది పాపం, ఎంత ఒద్దికగ అడిగిందో. దినాలంటే దానికి తెల్వదని నాకు తెలుసు బిడ్డా. తెలిసే పచ్చది నొక్కిన.

ఒక్కనాడు తప్పుతది, వాళ్లు ఫోన్ జేస్తరు, మిషన్ పరువు పోతది అనుకున్న. అంతే అనుకున్న. వాళ్లు ఫోన్ జెయ్యలె. మంగళవారం నేను నోరు తెరవలె. బుధవారం గూడ తెరవలె. నా పెండ్లిదండ తన చేతులతోని గుచ్చిన మనిషి అంతమ్మ.

దీపం ముందట కూసొనే చేసిన. దేవుడు చూసిండు, ఇన్ని రోజులు ఎవరికీ చెప్పలె. నీ మిషన్‌కు ఆ ఓపిక లేదు.

లేవకు, కూసో. నువ్వు పోతే నాకు మళ్ల నోరు రాదు.

ప్రగతీ! జర ఇటు రా బిడ్డా. నర్సింహను గూడ పిలువు... లేదు, వద్దు. ముందు నువ్వొక్కదానివే రా.