దగ్గు లేని టేపు

ఇంటి లోపలి గదికి నాలుగు పక్కలా పాత పరుపులు బిగించి, దానికి స్టూడియో అని పేరు పెట్టుకున్నారు ఆ అన్నాచెల్లెళ్ళు. అన్న నాటకాలు రాస్తాడు, చెల్లెలు వాటికి శబ్దాలు కలుపుతుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాయి, తల్లి వంటింట్లో ఉంది, నాటకం చివరి భాగం రేపు శ్రోతలకి చేరాలి.

"ఆపు. అక్కడే ఆపు. మళ్ళీ వెనక్కి తిప్పు."

"ఎన్నిసార్లు చిట్టీ? చెవులు హోరెత్తుతున్నాయి."

"నావి బాగానే ఉన్నాయి. తిప్పన్నయ్యా."

"ఇదిగో, తిప్పాను."

"విను. 'ఇల్లు ఖాళీ చేసిన రోజున ఆమె గోడలకున్న మేకులన్నీ పీకేసింది. చిల్లులు మాత్రం రాబోయేవాళ్ళకి వదిలేసింది.' ఎవరిదీ గొంతు?"

"నాటకంలో రచయిత్రిది."

"పాత్ర పేరు అడగలేదు. గొంతు ఎవరిదన్నాను."

"తెలిసినావిడ. డబ్బింగులు చెప్తుంటుంది."

"ఆ తెలిసినావిడకి మేకులు అనేటప్పుడు అచ్చం అమ్మకిలాగే జీర పోతుందా?"

"జీర ఎవరికైనా పోతుంది."

"నా దగ్గర నీ కబుర్లు సాగవు. కంప్యూటరుకి అమ్మ గొంతు నేర్పి పలికించావు, అవునా? అమ్మకి తెలుసా? తెలిస్తే ఎంత బాధపడుతుందో ఆలోచించావా?"

"కంప్యూటరు కాదు."

"ఒట్టు?"

"ఒట్టు."

"నేనూ కాదనే అనుకున్నాను. నీ నోటితో అంటావేమోనని చూశాను. గొంతునైతే కంప్యూటరుకి నేర్పొచ్చు. ఆ గొంతు కింద ఉన్న గదిని ఎవరు నేర్పుతారు? పై ట్యాంకు నిండుతుంటే గోడలోంచి గుడగుడ వస్తుంది చూడు, అది ఉంది ఇందులో. ఈ గది అన్నయ్యా ఇది. మనం కూర్చున్న గదే."

"నీతో ఇదే చిక్కు. మాట వినమంటే మాట కింద ఏముందో వింటావు."

"నేర్పింది నువ్వే. మరి అమ్మ ఈ గదిలో కూర్చుని ఎప్పుడు చదివింది? పేపరు కూడా నా చేతే చదివించుకుంటుంది కదా."

"పాత టేపు. అటక మీద దొరికింది."

"అటక సర్దింది నేను. అక్కడ టేపుల్లేవు."

"అయితే ఇంకెక్కడో దొరికింది. వదిలెయ్, ఎడిటింగు చూడు."

"వదలను. ఆ మేకుల మాట అమ్మ ఊతపదం. గోడలు దులిపినప్పుడల్లా అంటుంది. 'ఇల్లు ఖాళీ చేసిన రోజున ఆమె గోడలకున్న మేకులన్నీ పీకేసింది.' అంతే, అక్కడితో ఆగుతుంది. తర్వాతేంటమ్మా అంటే, ఏమోనే, అంతే వచ్చింది అంటుంది. చిల్లుల సంగతి నా జన్మలో వినలేదు. మిగతా సగం నీకెవరు చెప్పారు?"

"నేనే రాశాననుకోరాదూ."

"నువ్వా? నీ పాత్రలు మేకు కొట్టడానికే మూడు పేజీలు మాట్లాడుకుంటాయి. నువ్విలా రాయలేవన్నయ్యా. కోపం తెచ్చుకోకు."

"తెచ్చుకోను. నిజమే."

"టేపు రెండోవైపు కూడా విన్నాను."

"ఎప్పుడు?"

"పొద్దున, నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు. అందులో అమ్మ ఇంకేదో పుస్తకం చదువుతోంది. మధ్యలో ఒక పిల్లాడొచ్చి, అమ్మా ఆకలి అంటాడు. డబ్బాలో గులకరాళ్ళేసి ఊపినట్టు ఉంటుంది గొంతు. నీదే. గొంతు మారుతున్నప్పటిది. అమ్మ, ఈ పేజీ అవనీరా అంటుంది."

"ఊఁ."

"ఊఁ కాదు. నీకప్పుడు పదమూడో పద్నాలుగో. అంటే నాకు తొమ్మిదో పదో. ఆ వయసులో నా ఆయాసం సంగతి మర్చిపోయావా? పక్కింటివాళ్ళు కూడా నా పిల్లికూతలు విని, అమ్మాయికి మళ్ళీ ఎక్కువైందా అని అడిగేవాళ్ళు. నీ పుట్టినరోజు టేపులో నా దగ్గుంది. నాన్న పాటల టేపులో నా దగ్గుంది. ఈ ఇంట్లో ఏ టేపు పెట్టినా ముందు నేను దగ్గుతాను, తర్వాతే ఎవరైనా మాట్లాడతారు. ఇందులో లేదు. ఎందుకు తుడిచేశావు?"

"తుడవలేదు."

"మరి నేనెక్కడున్నాను?"

"పడుకుని ఉంటావు."

"పడుకుంటేనే ఎక్కువ వచ్చేది. అబద్ధమైనా సరిగ్గా ఆడు. నిన్న నన్ను ఈ గదిలో కూర్చోబెట్టి, మాట్లాడకు, కదలకు, మామూలుగా ఊపిరి తీసుకో అన్నావు. గది నిశ్శబ్దం రికార్డు చేస్తున్నానన్నావు."

"ప్రతి గదికీ చేస్తాంగా. మాటల మధ్య అతకడానికి."

"ఖాళీ గదిది చేస్తాం. మనిషుంటే అది గది నిశ్శబ్దం కాదు, మనిషి నిశ్శబ్దం అని నా వీపు మీద ఒక్కటిచ్చి నేర్పావు. మరి నిన్న నన్నెందుకు కూర్చోబెట్టావు?"

"దాచుకుందామని."

"నన్నా? నేనెక్కడికి పోతున్నానని? అన్నయ్యా, నీకేమైనా జబ్బు చేసిందా? డాక్టరు ఏమైనా అన్నాడా? వారమైంది, నన్ను ఒక్క మాట తిట్టలేదు. భయమేస్తోంది నాకు."

"నాకేం జబ్బు లేదు. కూర్చో."

"అమ్మ కూడా అలాగే ఉంది. పొద్దున నా గడ్డం పట్టుకుని, ఈ పుట్టుమచ్చ ఎప్పట్నుంచి ఉందే అంది. పుట్టినప్పట్నుంచీ ఉన్నదాన్ని కొత్తగా చూస్తోంది. జడ వేస్తానంటోంది. ఈ వయసులో నాకు జడేంటి? ఇద్దరూ కలిసి ఏం దాస్తున్నారు?"

"మన నాటకం కథ చెప్పు."

"నాకు పరీక్షా?"

"చెప్పమ్మా."

"ఒకడుంటాడు. ఏ గది నిశ్శబ్దాన్నైనా పాత టేపులో పెట్టుకుని, అదే గదిలో తలుపు వేసుకుని వింటే, లేచి తలుపు తీసేసరికి బయట ఆ పాత రోజే ఉంటుంది. అలా వెళ్ళి చిన్న పని చేసి వస్తాడు. వచ్చేసరికి ఒక గొప్ప రచయిత్రి పుస్తకాలన్నీ మాయం. లైబ్రరీలో లేవు, చదివినవాళ్ళకి గుర్తు లేవు. ఆవిడకి కూడా తాను రాసినట్టు తెలీదు. వాడొక్కడికే గుర్తు. రేపటి భాగంలో వాడు మళ్ళీ వెళ్ళి పుస్తకాలు తెస్తాడా లేదా అన్నది నువ్వింకా రాయలేదు."

"ఆ రచయిత్రి అమ్మే. అమ్మ ముందు ప్రతి వాక్యం టేపులోకి చదివేది. చెవికి నచ్చితేనే కాగితం మీద పెట్టేది. ఊళ్ళు పట్టుకు తిరిగేవాళ్ళు చిట్టీ ఆవిడ కోసం. బస్సుల్లో చదివేవాళ్ళు. నేను కాలేజీకి వెళ్తే, ఫలానావిడ కొడుకువా అని మాస్టార్లు లేచి నిలబడేవాళ్ళు."

"నీకు నిద్ర చాలట్లేదు."

"టేపు మొదటివైపు చివరిదాకా విన్నావా?"

"విన్నాను. చివర్లో తలుపు తట్టిన చప్పుడుంది. అమ్మ చదువుతూనే ఉంది. ఎవరూ తలుపు తీయలేదు."

"ఎలా తట్టారు?"

"రెండుసార్లు. ఆగి, ఒకసారి. అన్నయ్యా, అది నాన్న తట్టడం."

"నాకు మూడేళ్ళప్పుడు నాన్న అలిగి వెళ్ళిపోయాడు, తెలుసుగా. ఒకరోజు తిరిగొచ్చాడు. అమ్మ ఈ తలుపు వేసుకుని చదువుకుంటోంది, వీధి తలుపు చప్పుడు వినబళ్ళేదు. నాన్న కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఆ పంతంలోనే అమ్మ రాసింది, అన్ని పుస్తకాలూ రాసింది. నేను ఆ టేపు వింటూ పెరిగాను. చప్పుడు వచ్చినప్పుడల్లా, తీయమ్మా, తలుపు తీయమ్మా అని ఏడ్చేవాణ్ణి."

"కాదు. నాన్న వచ్చాడు. నాన్న మనతోనే ఉన్నాడు. పోయి రెండేళ్ళేగా అయింది."

"ఎవరు తీశారు తలుపు? నాన్న ఏమనేవాడు?"

"ఎవరో పెద్దమనిషి తీశాడనేవాడు. తీసి, ఏడుస్తూ అటే వెళ్ళిపోయాడట. వాడి ముక్కు అచ్చం నీ ముక్కే అని నవ్వేవాడు. అన్నయ్యా, అది నువ్వేనా?"

"నాన్న కావాలనిపించింది. అంతకు మించి ఏం ఆలోచించలేదు, నీ మీదొట్టు. నాన్న లోపలికి రాగానే అమ్మ చదవడం ఆపేసింది, వాక్యం సగంలో ఉండగా. తర్వాత రాయలేదు. టేపు నా జేబులో ఉండబట్టి మిగిలింది. తిరిగొచ్చి తలుపు తీస్తే, హాల్లో నువ్వు మెట్టుకి చెప్పులు దులుపుతూ, ఇంతసేపు ఏం చేస్తున్నావన్నయ్యా అన్నావు. ఎవరో అనుకున్నాను."

"అందుకా ఒకసారి నన్ను 'మీరు' అన్నావు? నాతో వేళాకోళం ఆడుతున్నావనుకుని నెత్తిన మొట్టాను."

"గట్టిగా మొట్టావు."

"నువ్వు చెప్పింది నేను నమ్మట్లేదు."

"సరే."

"నమ్మట్లేదు కానీ... పుస్తకాలున్నప్పుడు నాన్న రాలేదు. నాన్న రాకపోతే నేను..."

"అందుకే టేపులో దగ్గు లేదు."

"అయితే రేపటి భాగంలో వాడు వెళ్తాడా? సూటిగా చెప్పు. వెళ్ళి, తలుపు తీయబోయే తనని తానే ఆపేస్తాడా?"

"నా అంతట నేనైతే వెళ్ళను. నీ చేతి చప్పుడు లేకపోతే నా నాటకాలెవరు వింటారు?"

"నీ అంతట నువ్వైతే అంటే? ఇంకెవరు పంపుతారు? టేపు అమ్మ విందా?"

"మొన్న నేను పెట్టుకుంటే తలుపు దగ్గర నిలబడి వింది. మొదటి సగం తనూ పలికింది. చిల్లుల దగ్గరికొచ్చేసరికి నేల మీద కూర్చుండిపోయింది. ఇది నాదిరా, ఇది నాదే అంది. ఇంకా ఎన్ని ఉన్నాయిరా అంది. దాచలేకపోయాను చిట్టీ. ఆవిడ పుస్తకాలు ఒకసారి అడక్కుండా తీసేశాను. వెళ్ళాలో వద్దో చెప్పాల్సింది ఆవిడేననిపించింది."

"నన్నడగాలనిపించలేదా?"

"నోరు రాలేదు."

"సరే. పుస్తకాలొస్తే నేనుండనని కూడా చెప్పావా అమ్మకి?"

"చెప్పాను."

"చీపురు తిరగేసి ఉంటుంది నీ మీద. మతి పోయిందా వెధవా అని ఉంటుంది. నవ్వవేం? అన్నయ్యా, నా వైపు చూడు. ఏమంది అమ్మ?"

"రేపటిదాకా ఆలోచించుకోనిమ్మంది."